క్యాచ్ వాడే పద్ధతి: బంతి నుంచి జలుబు దాకా

బరువు సంచి మోయలేక పక్కనున్న మనిషితో ‘క్యాచ్ దిస్ బ్యాగ్’ అన్నారనుకోండి. ఇంగ్లీషు ఇంటిభాష అయినవాళ్లు సంచి విసురుతున్నారేమోనని రెండు చేతులూ చాస్తారు. బంతికీ గొడుగుకీ మనకు ‘పట్టుకో’ ఒక్కటే మాట. ఇంగ్లీషులో రెండున్నాయి. కదిలేదాన్ని, జారిపోయేదాన్ని ఆ క్షణంలో అందుకుంటే క్యాచ్. చేతిలో అలాగే ఉంచుకుంటే హోల్డ్. బంతి, చేప, దొంగ క్యాచ్. చెయ్యి, గొడుగు, సంచి హోల్డ్.

ఈ ‘జారిపోవడం’ పట్టుకుంటే మిగతా అర్థాలు చాలావరకు దారికొస్తాయి. రోజూ బస్సులో వెళ్తామని చెప్పడానికి టేక్ సరిపోతుంది. తొమ్మిదిన్నర బస్సు తప్పిపోకుండా అందుకోవాలంటే క్యాచ్. ఎవరిదైనా పేరు సరిగ్గా వినబడకపోతే ‘సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ యువర్ నేమ్’ అనండి. మాట చెవి దాటిపోయిందని అర్థం, అవతలివాళ్లు నొచ్చుకోరు. ఇక్కడ అండర్‌స్టాండ్ వాడకూడదు. పేరులో అర్థం కాకపోవడానికేముంది?

ఎక్కువమంది తడబడేది జలుబు దగ్గర. తెలుగులో జలుబే మనల్ని పట్టుకుంటుంది, ఇంగ్లీషులో మనమే దాన్ని పట్టుకుంటాం: ‘ఐ హ్యావ్ కాట్ ఎ కోల్డ్’. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వాటికే ఇది నప్పుతుంది. జలుబు, ఫ్లూ, కోవిడ్ సరే. షుగరు, తలనొప్పి అంటుకునేవి కావు గనక వాటికి హ్యావ్ చాలు. జ్వరానికీ అంతే, ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. నిప్పు అంటుకుంటే కాలే వస్తువే కర్త: ‘ది కర్టెన్ కాట్ ఫైర్’. ఫైర్ ముందు ‘ఎ’ పెట్టకండి.

భూతకాలం ‘క్యాచ్డ్’ కాదు, కాట్. రాసేటప్పుడు జీ, హెచ్ ఉంటాయి, పలకవు. స్కోరుకార్డు చదివేవాళ్లకు ‘కాట్ అండ్ బౌల్డ్’ ఎలాగూ అలవాటే.

తప్పు చేస్తుండగా దొరికితే రెండో క్రియకు ఇంగ్ చేర్చాలి: ‘ది టీచర్ కాట్ హిమ్ కాపీయింగ్’. ‘టు కాపీ’ అనకూడదు. ‘రెడ్ హ్యాండెడ్‌గా దొరికాడు’ మన పేపర్లలో ఏసీబీ వార్తలకు స్థిరపడిపోయింది. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, వాటిని ముట్టిన చేతిని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. ఇంగ్లీషు మాట అంతకన్నా పాతది, అందులోని ఎరుపు హంతకుడి చేతికంటిన నెత్తురు.

వానలో చిక్కుకుంటే ‘ఐ గాట్ కాట్ ఇన్ ది రెయిన్’. ఇక్కడ మాత్రం మనం పట్టుకునేవాళ్లం కాదు, పట్టుబడేవాళ్లం.

ఇదే మాట నామవాచకమైతే మెలిక. సున్నా వడ్డీకి ఫోను ఇస్తామన్నవాణ్ణి ‘వాట్స్ ది క్యాచ్?’ అని అడగాలి, ప్రాసెసింగ్ ఫీజు సంగతి అప్పుడు బయటికొస్తుంది.