క్లచ్ జారితే ముందు ఆయిల్ డబ్బా చూడండి

ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే మా తమ్ముడి 390 సీసీ బండి ఇంజను హోరెత్తిపోతోంది, బండి మాత్రం లాగట్లేదు, అంటే క్లచ్ జారుతోందన్నమాట. అంతకు ముందు సర్వీసులో కారు ఆయిల్ పోశారట! దాదాపు అన్ని బైకుల్లో క్లచ్ ఇంజనాయిల్లోనే మునిగి ఉంటుంది. చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, వాటితో క్లచ్ ప్లేట్ల పట్టు పోతుంది.

విజయనగరంలో క్లచ్ కవర్ విప్పించాం. ప్లేట్లు మాడలేదు, అదే పదివేలు. పాత ఆయిల్ మొత్తం దింపి, ఫిల్టర్ మార్చి, మాన్యువల్లో రాసిన 15డబ్ల్యూ-50 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) ఫుల్ సింథటిక్ పోయించాం. డబ్బా వెనక జాసో ఎంఏ2 (ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే జపాన్ ప్రమాణం) అని ఉందో లేదో చూసి మరీ కొన్నాను. ఎంబీ అని ఉంటే అది గేర్లెస్ స్కూటర్లకి, ఇలాంటి బండికి వద్దే వద్దు. మొదట్లో కాస్త జారినా, తర్వాత పట్టు పూర్తిగా వచ్చేసింది.