బొమ్మ విమానం సరిగ్గా ఎగరట్లేదా? మూడో పాఠం: మోటర్ ఆన్ చేసేముందు తేల్చుకోవాల్సినవి

పోయిన పాఠంలో బాడీ, రెక్కలు, తోక అతికించడం అయిపోయింది, ఇప్పుడు చాలామంది ఏం చేస్తారంటే గ్లూ ఆరగానే గ్రౌండ్‌కి పట్టుకెళ్ళి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి విసిరేస్తారు, అది లేచి పల్టీ కొట్టి ముక్కు పగలగొట్టుకుంటుంది, వెంటనే మోటర్‌కి పవర్ చాలట్లేదు ఇంకా పెద్దది కొనాలి అనుకుంటారు. మోటర్ తప్పు కాదండీ. మోటర్ లేకుండా చక్కగా జారని విమానం మోటర్ పెడితే ఇంకా స్పీడుగా పడుతుంది, అంతే. 1871లోనే పారిస్‌లో టూలరీ తోటలో ఆల్ఫోన్స్ పేనో అనే ఆయన రబ్బరు మెలితిప్పి చిన్న విమానం ఎగరేశాడు, రేడియో లేదు, సర్వో (తోక, రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటర్) లేదు, అయినా దానంతటదే నిలకడగా వెళ్ళింది, ఎందుకంటే బరువు ఎక్కడుండాలో, తోక ఏ కోణంలో ఉండాలో ముందే సెట్ చేసుకున్నాడు కాబట్టి. ఈ పాఠం మొత్తం ఆ రెండింటి గురించే.

వాటికన్నా ముందు రెక్కలు వంకరగా ఉన్నాయేమో చూడండి. విమానాన్ని వెనకనుంచి, ఒక కన్ను మూసుకుని, తోక వైపు నుంచి రెక్కల వెనక అంచు చూడాలి. రెండు రెక్కల చివర్లూ ఒకేలా కనిపించాలి. చివర్లలో వెనక అంచు రెండు పక్కలా సమానంగా కొంచెం పైకి లేచి ఉంటే మంచిదే, దాన్ని వాషౌట్ అంటారు, స్టాల్ అయినప్పుడు, అంటే ముక్కు మరీ పైకి లేచి రెక్క ఎత్తే బలం పోయినప్పుడు, ఒక రెక్క గభాల్న పడిపోకుండా కాపాడుతుంది. ఒక పక్కే లేచి ఉంటే మాత్రం అది ఎప్పుడూ ఆ పక్కకే తిరుగుతుంది, మీరు ట్రిమ్ (రిమోట్‌తో చేసే చిన్న సర్దుబాటు) ఎంత కొట్టినా ఒక స్పీడ్‌లో సరిగ్గా ఉండి ఇంకో స్పీడ్‌లో మళ్ళీ తిరుగుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కార్లో రెక్కలు పడేసి ఆఫీస్‌కి పోతే థర్మోకోల్ అయినా డెప్రాన్ (ఫోమ్ షీటు) అయినా మెలి తిరగడం ఖాయం, మన హైదరాబాద్‌లో వంకర రెక్కల్లో సగం అక్కడే పుడతాయని నా అనుమానం. హెయిర్ డ్రైయర్‌తో మెల్లగా వేడి చేసి, ఎదురు వైపుకి కొంచెం ఎక్కువే మెలితిప్పి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. విరిగినచోట ఫెవిక్విక్ లాంటివి పోయొద్దు, థర్మోకోల్‌ని తినేస్తాయి.

ఇక సీజీ, అంటే బరువు తూగే చోటు. మామూలు ట్రైనర్‌కి, అంటే నేర్చుకునేవాళ్ళు ఎగరేసే విమానానికి, రెక్క వెడల్పులో ముందు అంచునుంచి నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి, 20 సెం.మీ. వెడల్పు రెక్క అయితే 5 నుంచి 6.5 సెం.మీ. మధ్యలో. పెన్సిల్‌తో రెండు రెక్కల కిందా గీత పెట్టుకుని, బ్యాటరీతో సహా అన్నీ లోపల పెట్టి, ఆ గీతల దగ్గర రెండు వేళ్ళ మీద నిలబెట్టండి. ముక్కు ఒక్క పిసరు కిందకి వాలితే మొదటి ఫ్లైట్‌కి అదే బెస్ట్. తోక కిందకి పోతుంటే బరువు అతికించే ముందు బ్యాటరీ జరిపి చూడండి, 800 గ్రాముల విమానంలో 180 గ్రాముల బ్యాటరీని 4 సెం.మీ. ముందుకి తోస్తే సీజీ 9 మి.మీ. ముందుకొస్తుంది, అది చాలా ఎక్కువే. ఇంకా చాలకపోతేనే ముక్కులో రూపాయి బిళ్ళలు. సీజీ నుంచి తోక ముక్కుకన్నా మూడు రెట్లు దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ ఒక గ్రాము గ్లూ ఎక్కువైతే ఇక్కడ మూడు గ్రాములు పెట్టాలి, తోకకి గ్లూ గన్ ధారాళంగా వాడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చేత్తో విసరడం. పొద్దున్నే ఆరింటికి, గడ్డి ఉన్నచోట, గాలికి ఎదురుగా. ఎక్కడపడితే అక్కడ కాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల విమానాలు దిగుతుంటాయి, డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం రెడ్, యెల్లో, గ్రీన్ జోన్లుంటాయి, మ్యాప్ చూసుకునే వెళ్ళండి. విసరడం అంటే రాయి విసిరినట్టు పైకి కాదు, భుజం ఎత్తునుంచి తిన్నగా, ముక్కు కొంచెం కిందకి చూసేలా, నాలుగు అడుగులు పరిగెత్తి వదిలేయడమే. పైకి విసిరితే మంచి విమానం కూడా స్టాల్ అవుతుంది, అప్పుడు మీరు లేని రోగానికి మందేస్తారు.

తిన్నగా ముక్కు కిందకి పెట్టి పడిపోతే ఎలివేటర్, అంటే తోక మీద పైకీ కిందకీ కదిలే అడ్డ పలక, కొంచెం పైకి. ముక్కు పైకి లేచి, ఆగి, దబ్బున పడి, మళ్ళీ లేస్తుంటే అది స్టాల్, ఇక్కడే అందరూ తికమకపడతారు. దీనికి రెండు మందులున్నాయి, ముక్కులో బరువు పెంచడం ఒకటి, ఎలివేటర్ కిందకి దించడం ఇంకోటి, ఏది చేసినా చేతి విసురులో స్టాల్ పోతుంది, కానీ రెండూ ఒకటి కాదు. తోక బరువుగా ఉన్న విమానాన్ని ఎలివేటర్‌తో సర్దేస్తే పది అడుగుల ఎత్తులో బాగానే ఉంటుంది, పైకెళ్ళి స్పీడందుకోగానే ముక్కు కిందకి పెట్టి ఇక లేవదు. అందుకే సీజీ ముందు కొలిచి ఫిక్స్ చేయమన్నది, ఆ తర్వాత ఎలివేటర్ ఒక్కటే కదపాలి, ఒక్కో విసురుకి ఒక్కో మార్పు. ఒకేసారి బరువూ ట్రిమ్మూ రెండూ మార్చారంటే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

మోటర్ పెట్టి ఎగిరాక, బాగా ఎత్తులో, థ్రాటిల్ పూర్తిగా తగ్గించి 45 డిగ్రీల డైవ్‌లో పెట్టి స్టిక్ వదిలేయండి. మెల్లగా ముక్కు ఎత్తుకుంటూ బయటికొస్తే సీజీ కుదిరినట్టే. జుయ్యిమని పైకి లేచిపోతే ముక్కు బరువెక్కువ, దాన్ని నిలబెట్టడానికి మీరు ఎలివేటర్ పైకి కొట్టి ఉంటారు, స్పీడు పెరిగేకొద్దీ ఆ ఎలివేటర్ బలం పెరిగి లాగేస్తోంది. ఇంకా ఇంకా కిందకి దిగబడితే వెంటనే లాగి దింపేసుకోండి, తోక బరువు, ఆ రోజుకి ఇక ఎగరేయొద్దు, బ్యాటరీ ముందుకి జరిపి మళ్ళీ చేతి విసురు నుంచి మొదలు. చూడ్డానికి పైకి లేచేది తోక బరువనిపిస్తుంది గానీ సంగతి పూర్తిగా ఉల్టా.

ఇంకొకటి, మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, దాంతోపాటు మే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో గాలి పల్చబడి, జనవరి పొద్దున్నకన్నా సాంద్రత దాదాపు 8 శాతం తగ్గుతుంది. జనవరిలో హాయిగా ఎగిరిన బరువైన విమానం ఎండాకాలంలో బద్ధకంగా లేవడం, దిగేటప్పుడు స్పీడెక్కువ అడగడం మామూలే, అప్పుడు ట్రిమ్ గెలక్కండి, పొద్దున్నే వెళ్ళండి.

మోటర్ ఆన్ చేస్తేనే ముక్కు లేస్తోంది, ఎడమకి లాగుతోంది, గ్లైడ్‌లో మాత్రం బానే ఉంది అంటే దానికి ఎలివేటర్ ముట్టుకోవద్దు, అది మోటర్ కోణం పని, వాషర్లతో సర్దాలి, నాలుగో పాఠంలో చేద్దాం. దానికి ముందు మీ ప్రొపెల్లర్ చూడండి, అక్షరాలున్న వైపు విమానం పోయే దిక్కుకి ఉండాలి, పవర్ లేదు పవర్ లేదు అని గోల చేసేవాళ్ళలో చాలామందికి అది తిరగేసి ఉంటుంది.