షాపు బోర్డు ప్రింటుకు ఇచ్చే ముందు స్పెల్లింగ్ ఎలా చూసుకోవాలి

జపాన్‌లో షాపుల బోర్డుల మీద ఇంగ్లీషు తప్పుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆర్ ఉండాల్సిన చోట ఎల్ పడి 'ఫ్రెష్' కాస్తా 'ఫ్లెష్' అవుతుంది, 'రైస్' పోయి పేలు అనే అర్థం వచ్చే 'లైస్' వస్తుంది. జపనీస్‌లో ర, ల వేరువేరు ధ్వనులు కావు. బయటి మాటలు రాసే కటకానా లిపిలో రెండింటికీ ఒకటే అక్షరాల వరుస. రాసినవాళ్ల చెవికి రెండూ ఒకటే కాబట్టి ఎన్నిసార్లు చూసుకున్నా తప్పు దొరకదు. హనుమకొండలో బోర్డులు డిజైన్ చేసే నాకు ఆ ఫొటోలు చూస్తే నవ్వు కంటే ముందు ఆ యజమాని పెట్టిన ఖర్చు గుర్తొస్తుంది.

మనకు ర, ల గొడవ లేదు. మన తప్పులు వేరే చోట పడతాయి. తెలుగు పలికినట్టే రాస్తాం, ఇంగ్లీషూ అలాగే రాసేస్తాం. రెస్టారెంట్‌లో మొదటి టీ తర్వాత ఏ, యూ రెండూ ఉండాలి, ఒకటి ఎగిరిపోతుంది. జనరల్‌లో ఎన్ తర్వాత ఈ బదులు ఏ వస్తుంది. చికెన్‌లో కే ముందు సీ పోతుంది.

వీటికంటే ప్రమాదం, తప్పుగా రాసినా వేరే సరైన మాట అయిపోయేవి. పంక్చర్‌ను మనం పలికినట్టు 'పంచర్' అని రాస్తే గుద్దేవాడని అర్థం. స్టేషనరీ చివర ఈ-ఆర్-వై ఉంటే పెన్నులు, నోటుబుక్కులు. ఏ-ఆర్-వై ఉంటే కదలకుండా ఉండేది. వీటి కింద కంప్యూటర్ ఎర్రగీత గీయదు. డిక్షనరీలో అర్థంతో సహా చూడాల్సిందే.

మ్యాటర్ ఫోన్‌లో చెప్పకండి, పాత విజిటింగ్ కార్డు ఫొటో కూడా పంపకండి. ఫొటో పంపితే మేం మళ్లీ టైప్ చేయాలి, కార్డులో ఉన్న తప్పు బోర్డు మీదికి ఎక్కుతుంది. వాట్సాప్‌లో మీరే టైప్ చేసి పంపండి. అంతకుముందు వర్డ్‌లో చిన్న అక్షరాల్లో కొట్టి చూడండి. అన్నీ క్యాపిటల్స్‌లో ఉన్న మాటలను వర్డ్ మామూలుగా చెక్ చేయకుండా వదిలేస్తుంది, బోర్డులేమో ఎక్కువగా క్యాపిటల్సే. మేం డిజైన్ చేసే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కర్వ్స్ చేసేశాక అక్షరాలు బొమ్మలైపోతాయి, అప్పుడు స్పెల్ చెక్ పనిచేయదు. అందుకే డిజైన్ మొదలుకాకముందే ఈ పని అయిపోవాలి.

ప్రూఫ్, అంటే ప్రింటుకు ముందు చూసుకోమని పంపే నమూనా, వచ్చాక అందరూ ఫోన్ నంబరే చూస్తారు. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును ఎవరూ చదవరు, తెలిసిందే కదా అనుకుంటారు. దాన్ని చివరి అక్షరం నుంచి మొదటికి ఒక్కొక్కటీ పైకి చదవండి. తర్వాత ఆ డిజైన్ అస్సలు చూడని ఇంకొకరికి ఇవ్వండి.

అడ్రసును ట్రాన్స్‌లేషన్ యాప్‌లో వేయకండి. 2019లో జపాన్‌లోని ఒసాకా మెట్రో వెబ్‌సైట్‌లో సకైసుజి అనే లైన్ పేరు ఆటోమేటిక్ అనువాదంలో 'సకై మజిల్' అయింది, అంటే కండరం. వరంగల్‌లోని పోచమ్మ మైదాన్ అనే పేరులో మైదాన్‌ను యాప్ 'గ్రౌండ్' చేస్తే మన ఆటోవాళ్లకే తెలియదు. ఊరి పేర్లు పలికినట్టే ఉంచాలి.

హనుమకొండకు ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు నడుస్తున్నాయి. పాత బోర్డుల మీద మొదటి ఎన్ తర్వాత ఏ, ఎమ్ తర్వాత నేరుగా కే ఉంటాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు మారినప్పుడు ఎన్ తర్వాత ఉన్న ఏ బదులు యూ వచ్చింది, ఎమ్ తర్వాత ఏ చేరింది. ఏది రాసినా ఊరు తెలుస్తుంది. కానీ బోర్డు మీద ఒకటి, బిల్లు మీద ఒకటి ఉండొద్దు. మీ జీఎస్టీ కాగితంలో ఉన్నదే వాడండి.

బోర్డు వచ్చాక నిచ్చెన ఎక్కించకముందే కింద పెట్టి మరోసారి చదవండి. ఇప్పటికే తప్పుతో వేలాడుతుంటే మొత్తం మార్చనక్కర్లేదు. అదే రంగు వినైల్ స్టిక్కర్ మీద ఆ మాట ప్రింట్ చేసి అతికించొచ్చు. ఎండకు ఫ్లెక్స్ వెలిసిపోయి ఉంటే ఒక్క మాటే కొత్తగా మెరుస్తుంది. అప్పుడు ఆ లైను మొత్తానికి పట్టీ వేయించండి.