భోజనం గంట కొట్టే ముందు: బడిలో సబ్బునీళ్ల సీసా

కుళాయి దగ్గర పెట్టిన సబ్బుబిళ్ల బడిలో నిలవదు. కాకులైనా ఎత్తుకుపోతాయి, నీళ్లలో నానైనా కరిగిపోతుంది. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి సీసాలో పోయండి. మూతకు సన్నటి మేకుతో రంధ్రం చేసి, కుళాయి పక్కన తాడుతో కట్టండి. రంధ్రం పెద్దదైతే మధ్యాహ్నానికే ఖాళీ! చేతులు మండుతున్నాయంటే పొడి తగ్గించండి.

పిల్లల్ని తరగతులవారీగా వదలాలి. అందరూ ఒక్కసారే ఎగబడితే ఆ తోపులాటలో చేతులు తడవడమే తప్ప కడగడం జరగదు. నురగతో 20 సెకన్లు రుద్దించండి: అరచేతులు, వెనకవైపు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కింద. పిల్లలు వదిలేసేది ఎక్కువగా ఈ చివరి రెండే. కడిగిన చేతుల్ని లాగుకు తుడిస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే, గాలికి ఆరనివ్వాలి.

కుళాయి లేకపోతే మగ్గుతో ఒకరు పోయాలి, బకెట్లో అందరూ చేతులు ముంచకూడదు. మరుగుదొడ్డి దగ్గర ఇంకో సీసా ఉండాలి. మట్టి చేతులకు శానిటైజర్ సరిగా పనిచేయదు.