హాట్ సాస్ తేడా కొడితే: ఏం జరిగింది, ఏం చేయాలి

ఇంట్లో చేసిన హాట్ సాస్ చెడిపోతే తప్పు చాలావరకు మిరపకాయలది కాదు. ఉప్పు, పులుపు చేతి అంచనాతో వేయడం వల్లే చెడుతుంది. కూరలో చేతి కొలత నడుస్తుంది, ఎందుకంటే ఆ పూటకు తినేస్తాం. సాస్ అలా కాదు, నెలల తరబడి సీసాలో ఉండాలి. మొదట్లో నేనూ అంచనాతోనే వేశాను. వరసగా మూడు జాడీలు పారబోయాల్సి వచ్చింది. ఆ తర్వాత గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా, పీహెచ్ (పులుపు కొలత, అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ) చూసే స్ట్రిప్స్ తెచ్చుకున్నాను. కింద చెప్పినవాటిలో చాలా పరిష్కారాలకు ఆ రెండూ కావాలి.

బుడగలు రావడం లేదు

సాస్ కోసం పులియబెట్టడానికి మిరపకాయలు ఉప్పునీళ్లలో వేసి మూడు రోజులైంది, జాడీలో కదలిక లేదు. ముందు మూత చూడండి. అది సరిగ్గా బిగుసుకోకపోతే గ్యాస్ పక్కల నుంచి పోతుంది, బుడగలు కంటికి కనబడవు. నీళ్లు కొద్దిగా మసకబారి, పుల్లటి వాసన వస్తుంటే పని జరుగుతున్నట్టే, టెన్షన్ పడక్కర్లేదు.

అదీ లేకపోతే గది చల్లగా ఉందేమో చూడాలి. పులియబెట్టే లాక్టిక్ బ్యాక్టీరియాకు 20 డిగ్రీల చుట్టుపక్కల బాగుంటుంది. అంతకన్నా బాగా తగ్గితే పని మందగిస్తుంది. జాడీని కాస్త వెచ్చటి చోటికి మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉన్నా ఆలస్యమవుతుంది కాబట్టి మరిగించి చల్లార్చిన నీళ్లు పోయాలి. కాయలన్నీ ముందే కాల్చినా, ఉడికించినా వాటి మీద సహజంగా ఉండే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కాల్చిన రుచి కావాలంటే సగం కాయలైనా పచ్చివి ఉంచండి, లేదా పులిసిన తర్వాత కాల్చినవి కలపండి.

ఉప్పు మరీ ఎక్కువైనా ఇదే పరిస్థితి. కాయలు, నీళ్లు కలిపి ఎంత బరువో అందులో 3 శాతం ఉప్పు వేయాలి. 500 గ్రాముల కాయలు, 300 గ్రాముల నీళ్లు అయితే 24 గ్రాములు. చెంచాతో కొలవకండి, గళ్లుప్పు చెంచాడూ మెత్తటి ఉప్పు చెంచాడూ ఒకే బరువు తూగవు. ఉప్పు తక్కువైతే అసలు ప్రమాదం, అక్కర్లేని సూక్ష్మజీవులు ముందు పెరుగుతాయి. వారం దాటినా పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగకపోతే ఆ జాడీ మీద ఆశ వదులుకోవాలి. ఆ గీతకు పైన బోటులిజం (ప్రాణాలు తీయగల ఆహార విషం) తెచ్చే బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది. నేనైతే 4 కన్నా కిందికి వచ్చేదాకా సీసాకెత్తను.

పైన తెల్లగా పొర కట్టింది

ఇక్కడ కంగారులో మంచి జాడీ పారబోసేవాళ్లూ ఉన్నారు, చెడ్డది దాచుకునేవాళ్లూ ఉన్నారు. పొర పలచగా, చదునుగా, ముడతలు పడినట్టు తెల్లగా ఉంటే అది ఒక రకం ఈస్ట్. హాని చేయదు, కానీ వదిలేస్తే రుచి పాడుచేస్తుంది. శుభ్రమైన చెంచాతో తీసేసి, జాడీ అంచులు తుడిచి, కాయలన్నీ నీళ్లలో మునిగేలా పైన బరువు పెట్టండి. చిన్న జిప్ కవర్‌లో ఉప్పునీళ్లు నింపి పెడితే సరిపోతుంది.

నూగులా, దూదిలా పైకి లేచి ఉన్నా, ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగు మచ్చలున్నా అది బూజు. పైది తీసేసి కిందిది వాడదామనుకోకండి. బూజు వేళ్లు కంటికి కనబడనంత లోతుకి వెళ్తాయి, పైగా అది సాస్‌లోని ఆమ్లాన్ని తినేసి పీహెచ్‌ను పైకి లాగుతుంది. మొత్తం పారబోయండి. గాలికి తేలిన ఒక్క ముక్క చాలు బూజు మొదలవడానికి.

మూత తీయగానే సాస్ ఎగజిమ్మింది

పులియడం పూర్తి కాకముందే సీసాకెత్తారు. లేదా పులిసిన తర్వాత పండ్ల గుజ్జో చక్కెరో కలిపారు, లోపలున్న జీవులకు మళ్లీ తిండి దొరికింది. గాజు సీసా అయితే ఇది చిన్న విషయం కాదు, పగలొచ్చు. మూత ఉబ్బినట్టున్న సీసాని ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబరచి, బట్ట చుట్టి, సింకులో పెట్టి, మొహం దూరంగా ఉంచి కొద్దికొద్దిగా తిప్పండి. పులియబెట్టని సాస్ సీసా ఉబ్బితే మాత్రం అది చెడిపోయినట్టే, రుచి చూడకుండా పారేయండి.

ఇక ముందు ఇలా జరగకూడదంటే గ్రైండ్ చేసిన సాస్‌ని సన్నటి మంట మీద పది నిమిషాలు ఉడికించి, వేడిగా ఉండగానే వేడి సీసాల్లో పోయాలి. పచ్చి రుచి, బతికున్న బ్యాక్టీరియా కావాలనుకునేవాళ్లు ఉడికించకుండా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

కారం భరించలేనంత ఉంది

రెసిపీలో ఉన్నట్టే చేశానని అంటారు. కానీ మిరపకాయ మారిందేమో చూడండి. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పలచన చేస్తూ కారం తెలియకుండా పోయేదాకా కొలిచే పద్ధతి తెచ్చాడు. ఆ లెక్కలో జలపీనో రకం మిరప 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది, హబనెరో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా వెళ్తుంది. బరువు సమానంగా మార్చేస్తే కారం పదుల రెట్లు పెరుగుతుంది.

గింజలు తీసేశాను కదా అనుకుంటే సరిపోదు. మిరపకు కారాన్నిచ్చే పదార్థం క్యాప్సైసిన్ తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. గింజలకు ఆ ఈనె తగిలి కారం అంటుతుంది. తగ్గించాలంటే ఈనెను చెంచా అంచుతో గీకేయాలి.

తయారైపోయిన సాస్‌ని ఎంత మరిగించినా కారం తగ్గదు, నీళ్లు ఇగిరిపోయి ఇంకా ఘాటెక్కుతుంది. పలచన చేయడమే మార్గం. ఉడికించిన క్యారెట్, ఎర్ర క్యాప్సికం, మామిడి లేదా అనాస గుజ్జు కొద్దికొద్దిగా కలపండి. కొంచెం చక్కెర కూడా మంట తెలియకుండా చేస్తుంది. ఇక్కడే చాలామంది ఒక్క పని మరిచిపోతారు. క్యారెట్, క్యాప్సికం లాంటివి పులుపు లేనివి, కలిపిన ప్రతిసారీ పీహెచ్ పెరుగుతుంది. మళ్లీ కొలిచి, 4 దాటితే వెనిగర్ పోయాలి. రుచి సరిచేసి సీసాను ప్రమాదంలో పెట్టడం కన్నా కారంగా ఉంచుకోవడమే మేలు.

తిన్నాక నోరు మండుతుంటే నీళ్లు తాగకండి. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నోరంతా పరుచుకుంటుంది. పాలో పెరుగో తీసుకోండి, వాటిలోని కేసీన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది. నాలుక నిజంగా కాలదు. వేడి తగిలిందని మెదడుకు చెప్పే నరాల గ్రాహకాన్నే క్యాప్సైసిన్ కూడా మీటుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

కారమే లేదు

ఒకే మొక్క కాయల్లో కూడా కారం ఒకేలా ఉండదు. అందుకే గ్రైండ్ చేసేముందు రెండు మూడు కాయలు కొసన కాకుండా తొడిమ దగ్గర కొరికి చూడాలి. చప్పబడ్డ సాస్‌కి ఎండుమిరపకాయల్ని వేడి వెనిగర్‌లో అరగంట నానబెట్టి, మెత్తగా రుబ్బి కలపండి. పులుపు కూడా తగ్గకుండా ఉంటుంది. క్యాప్సైసిన్ ఎక్‌స్ట్రాక్ట్ చుక్కలు వేయడం నాకు నచ్చదు, కారం వస్తుంది గానీ మిరపకాయ రుచి రాదు.

వెనిగర్ తప్ప ఇంకేం తెలియడం లేదు

ఇది తరచుగా ఓపిక సమస్య. కొత్తగా చేసిన సాస్ రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంటే పులుపు, ఉప్పు, కారం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పటికీ ఎక్కువనిపిస్తే కొద్దిగా తేనె, చక్కెర లేదా తీపి పండు గుజ్జు వేయండి. వంటసోడా మాత్రం వద్దు. అది పులుపు విరిచేస్తూ సాస్‌ని కాపాడుతున్న ఆమ్లాన్నే తీసేస్తుంది.

చేదుగా ఉంది

వెల్లుల్లి గానీ ఎండుమిరప గానీ మాడింది. ముదురు గోధుమ రంగు దాటి నల్లబడ్డ ముక్క ఒక్కటి ఉన్నా తెలుస్తుంది. కొద్దిపాటి చేదును ఉప్పు, తీపి అణుస్తాయి. మాడువాసన మాత్రం పోదు, దాన్ని కప్పిపుచ్చడానికి మంచి సరుకు వృథా చేయకండి.

పైన నీళ్లు, కింద ముద్ద

చెడిపోలేదు. సీసా ఊపి వాడుకోవచ్చు. చూడ్డానికి బాగుండాలంటే ఇంకొంతసేపు మిక్సీ పట్టి జల్లెడలో వడకట్టండి. జాంథన్ గమ్ (సాస్‌ని చిక్కబరిచే పొడి) వాడేవాళ్లు అరకిలో సాస్‌కి అర గ్రాము నుంచి గ్రాము లోపే, మిక్సీ తిరుగుతుండగా చిలకరించాలి. ఒక్కసారి పోస్తే ఉండలు కడుతుంది, ఎక్కువైతే జిగురు పడుతుంది.

రంగు మారింది

పచ్చిమిరప సాస్ పులుపులో ఆలివ్ రంగుకు తిరగడం మామూలే, ఆమ్లం వల్ల పత్రహరితంలోని మెగ్నీషియం విడిపోతుంది. ఎర్ర సాస్ వెలిసిపోతుంటే వెలుగు, గాలి తగులుతున్నాయి. సీసా మెడదాకా నింపి చీకట్లో ఉంచండి. వెల్లుల్లి నీలంగానో ఆకుపచ్చగానో మారితే భయపడకండి, అందులోని గంధక పదార్థాలు ఆమ్లంతో కలిసినప్పుడు అలా జరుగుతుంది. తినొచ్చు.

చేతులు మండుతున్నాయి, దగ్గు ఆగడం లేదు

చేతులకు ముందు వంటనూనె రాసి రుద్ది, ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే నూనె, పాలు వద్దు, శుభ్రమైన నీళ్లతో చాలాసేపు కడిగి, మంట తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు గ్లవ్స్ లేకుండా కాయలు ముట్టుకోవద్దు. దగ్గు ఆవిరి వల్ల వస్తుంది, కిటికీ తీసి పెట్టండి, చల్లారాకే మిక్సీ పట్టండి. మరిగేదాన్ని మిక్సీలో పోస్తే ఆవిరి మూతను ఎగరగొడుతుంది.

చిల్లీ ఆయిల్ నల్లబడింది, లేదా ఘాటు లేదు

నూనె వేడి తప్పింది. పొగలు వచ్చే నూనె పోస్తే మిరప పొడి క్షణంలో మాడుతుంది, గోరువెచ్చగా ఉంటే రంగూ దిగదు, వాసనా రాదు. పొయ్యి ఆపి కాసేపు ఆగి, చిటికెడు పొడి వేసి చూడండి. సన్నగా నురగలు వచ్చి ఎర్రగానే ఉంటే అదే సమయం.

ఇందులో పచ్చి వెల్లుల్లి వేసి బయట పెట్టే అలవాటుంటే దయచేసి మానేయండి. నూనె కింద గాలి ఉండదు, వెల్లుల్లిలో పులుపు ఉండదు, బోటులిజం బ్యాక్టీరియాకు సరిగ్గా అదే కావాలి. దాని విషానికి రంగు, రుచి, వాసన ఉండవు కాబట్టి చూసి తెలుసుకోలేరు. వెల్లుల్లి వేసిన నూనెను ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లో వాడేయండి. మిగిలింది పారబోయండి.