పాత బండి ముందు ఫోర్కు మెత్తబడిందా? స్ప్రింగు, ఆయిలు, బ్రేసు: ఏది ఎప్పుడు

బెంగళూరులో ఆర్ఎక్స్ 100లు, యెజ్డీలు, పాత బుల్లెట్లు ఇంకా రోజూ రోడ్డెక్కుతున్నాయి. ఇంజను పని శ్రద్ధగా చేయించేవాళ్లు కూడా ముందు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టే, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉండే రెండు కాళ్లను, ఆయిలు కారితే తప్ప పట్టించుకోరు. తీరా నంది కొండ దిగేటప్పుడు మలుపు ముందు బ్రేకు పట్టగానే ముందు భాగం కూలబడుతుంది, హ్యాండిల్ తిప్పిన చోటికి చక్రం కాస్త ఆలస్యంగా వస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే చిక్కటి ఆయిలు పోసి పంపిస్తాడు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి గుంతా మణికట్టుకు తగులుతుంది.

"ఫోర్కు మెత్తగా ఉంది" అనే ఒక్క మాటలో మూడు జబ్బులుంటాయి. బ్రేకు వేస్తే లోతుగా దిగిపోవడం స్ప్రింగు జబ్బు. హంప్ దాటాక రెండు మూడు సార్లు ఊగడం ఆయిలు జబ్బు. మలుపులో, ముఖ్యంగా గతుకు మీద, ముందు భాగం మెలి తిరిగినట్టు అనిపించడం ఫోర్కు పైపులూ, వాటిని పైన పట్టి ఉంచే రెండు క్లాంపులూ వంగడం వల్ల వచ్చేది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేసి, బండి నడిపి చూసి, తర్వాతి దానికి వెళ్లాలి.

ఏదీ విప్పకముందు అరిగినవి చూడండి. మెయిన్ స్టాండ్ వేసి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపండి. ఫోర్కు అడుగు భాగాలను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమని కదిలిందంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బాల్ బేరింగులు) వదులైంది, లేదా ఫోర్కు బుష్‌లు (పైపు జారే లోపలి రింగులు) అరిగాయి. ఏదో తేల్చుకోవాలంటే ఇంకొకరిని లాగమని చెప్పి, కింది క్లాంపుకూ ఫ్రేముకూ మధ్య వేలు పెట్టి చూడండి. కదలిక అక్కడ తెలిస్తే కోన్ సెట్, పైపు మీద డస్ట్ సీలు (దుమ్మును ఆపే రబ్బరు రింగు) దగ్గర తెలిస్తే బుష్. హ్యాండిల్ సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు ఆగితే బాల్స్ కప్పులో గుంటలు చేసినట్టే. బిగించడం వల్ల లాభం లేదు, సెట్టు మొత్తం మార్చాలి. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో మామూలుగా దొరికే సామానే ఇది. స్పోకులు, టైరు గాలి, వెనక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్ బుష్ కూడా ఇప్పుడే చూసేయండి. వెనక బుష్ అరిగినా ఊగు ముందు చక్రానిదే అనిపిస్తుంది.

ఇక కొలత. పైపు మీద డస్ట్ సీలుకు ఆనించి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టండి. పైపు మీద రబ్బరు తొడుగులున్న బండికి వాటిని పైకి జరపాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు బయటికి కనిపించే పైపు పొడవు కొలవండి. తర్వాత మీరు బండి మీద మామూలుగా కూర్చుంటే, ఇంకొకరు మళ్లీ కొలవాలి. పాత సీళ్లు పట్టేస్తుంటాయి కాబట్టి ఒకసారి ఫోర్కును నొక్కి మెల్లగా వదిలి, ఒకసారి పైకెత్తి మెల్లగా వదిలి, ఆ రెండు కొలతల సగటు తీసుకోండి. మొదటి పొడవులోంచి ఈ సగటు తీసేస్తే వచ్చేది కుంగుడు. 120 మి.మీ. నడక (ఫోర్కు పైనుంచి అడుగుదాకా దిగగల దూరం) ఉన్న ఫోర్కుకు 30 నుంచి 40 మి.మీ. కుంగుడు సరిపోతుంది.

45 దాటితే స్ప్రింగు పైన స్పేసరు పెట్టొచ్చు. 10 మి.మీ. స్పేసరు వేస్తే కుంగుడు దాదాపు 10 మి.మీ. తగ్గుతుంది, ఎందుకంటే మీ బరువుకు స్ప్రింగు నొక్కుకోవలసిన మొత్తం మారదు, అందులో కొంత ముందే నొక్కి పెడుతున్నారు, అంతే. అంటే స్పేసరు బండి ముందు ఎత్తును సరిచేస్తుంది గానీ స్ప్రింగును గట్టిచేయదు. దళసరి పీవీసీ పైపు ముక్క చాలు. రెండు కొసలూ నిటారుగా కోసి, స్ప్రింగు వైపు స్టీలు వాషరు తప్పక వేయండి, లేకపోతే స్ప్రింగు కొస పీవీసీని తొలిచేస్తుంది. 20 మి.మీ. కంటే ఎక్కువ అవసరమైందంటే స్ప్రింగు కుంగిపోయినట్టే. విప్పి, విడి పొడవును మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. పొట్టిబడితే కొత్త స్ప్రింగులు కొనడమే మంచిది.

పొడవు సరిగానే ఉండి కూడా మీ బరువుకు మెత్తగా ఉంటే చుట్లు కోసే పద్ధతి ఉంది. చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఉదాహరణకు 40 చుట్లు, 400 మి.మీ. పొడవు, 4 మి.మీ. తీగ ఉన్న స్ప్రింగులో 6 చుట్లు కోస్తే 40ని 34తో భాగించినంత, అంటే సుమారు 18 శాతం గట్టి అవుతుంది. పోయిన 60 మి.మీ. పొడవును స్పేసరుతో నింపాలి. అది పూర్తిగా నొక్కుకున్నా చుట్టుకు చుట్టు తగలకూడదు: మిగిలిన 34 చుట్లు ఒకదానికొకటి ఆనితే 136 మి.మీ.; కోశాక ఉన్న 340 మి.మీ.లోంచి 20 మి.మీ. ముందు నొక్కుడు (స్పేసరు ముందే నొక్కి పెట్టేది), 120 నడక పోయాక మిగిలేది 200, అంటే 136 కంటే ఎక్కువే. కాబట్టి ఇక్కడ భయం లేదు. మీ స్ప్రింగుకు ఈ లెక్క మీరే వేసుకోండి. కోయడానికి కట్టింగ్ వీలే వాడాలి, మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ. గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి తీగ బిగువు పోయి కుంగుతుంది. కోసిన కొసను ఆకురాయితో నున్నగా చేసి, 3 మి.మీ. వాషరు కిందికి వచ్చేలా పైవైపు పెట్టండి. రెండు స్ప్రింగులూ మిల్లీమీటరు తేడా లేకుండా ఉండాలి.

ఆయిలు దగ్గరే ఎక్కువ పాడుచేస్తారు. పాత ఫోర్కులో ఆయిలు చిన్న చిల్లుల గుండా దూరుతుంది. ఫోర్కు వేగం రెట్టింపైతే ఆ చిల్లుల దగ్గర అడ్డు నాలుగింతలవుతుంది. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు మెల్లగా దిగుతుంది, గుంత అంచు తగిలినప్పుడు చటుక్కున. ఆయిలు చిక్కబడితే మొదటిదానికి కాస్త మేలు, రెండోదానికి పెద్ద కీడు. చక్రం గుంతను అనుసరించక నేల వదిలేస్తుంది. అలాంటి బండి గట్టిగా అనిపిస్తుందే తప్ప పట్టు ఉండదు. 20డబ్ల్యూ-40 ఇంజను ఆయిలు, మామూలు 10డబ్ల్యూ ఫోర్కు ఆయిలు కంటే మూడింతలు చిక్కన. దాన్ని పోయొద్దు. 10డబ్ల్యూ నుంచి 15డబ్ల్యూకు, ఒక్క మెట్టే ఎక్కండి. కంపెనీ కంపెనీకీ ఆ అంకె అర్థం మారుతుంది కాబట్టి డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఎంతో చూసి పోల్చండి.

విప్పేటప్పుడు ముందు పై క్లాంపు బోల్టు వదులు చేయండి, కింది క్లాంపు బిగించే ఉంచి మూత బోల్టు కదపండి. చివరి మరలు వస్తుంటే అరచేత్తో నొక్కి పట్టండి, కింద స్ప్రింగు ఉంది, ముఖానికి తగలగలదు. పాత ఆయిలు పూర్తిగా పోయేదాకా పంపు కొట్టి, కిరోసిన్‌తో కడిగి, ఆరనివ్వండి. కొత్తది పోశాక స్ప్రింగు లేకుండా మెల్లగా 10 సార్లు ఆడించి, పది నిమిషాలు ఆగి, ఫోర్కును పూర్తిగా నొక్కి, పై అంచు నుంచి ఆయిలు మట్టం దాకా స్కేలుతో కొలవండి. మి.లీ. లెక్కను నమ్ముకోవద్దు. 26 మి.మీ. లోపలి వ్యాసమున్న పైపులో 10 మి.లీ. తేడా మట్టాన్ని దాదాపు 19 మి.మీ. మారుస్తుంది.

ఆయిలు మట్టానికి పైన మిగిలే ఆ ఖాళీలో ఉన్న గాలి కూడా ఒక స్ప్రింగే. ఖాళీ తగ్గిస్తే ఫోర్కు మొదట్లో మామూలుగానే ఉండి చివర్లో గట్టిపడుతుంది. హంప్స్ మీద అడుగంటే బండికి ఇదే మొదటి మందు. కంపెనీ చెప్పిన పరిమాణం పోసినప్పుడు వచ్చిన ఖాళీని రాసుకుని, దాన్నుంచి 10 మి.మీ. చొప్పున తగ్గించండి, మొత్తం 30 మించొద్దు. మించితే గాలి ఒత్తిడికి సీలు లేచిపోవచ్చు.

మెలి తిరగడానికి ఆయిలుతో పని లేదు. గోడ మందం ఒకటే అయినా 35 మి.మీ. పైపు, 30 మి.మీ. పైపు కంటే వంగడానికి ఒకటిన్నర రెట్లకు పైగా మొండికేస్తుంది. పైపు మార్చలేం. వేరే బండి ఫోర్కు మొత్తం తెచ్చి తగిలించడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే మార్పు, పైగా చక్రం జ్యామితి చెడుతుంది. రెండు కాళ్లనూ కలిపి పట్టే బ్రేసు మాత్రం వేయొచ్చు. అసలు పాత బండ్లలో ఇనుప మడ్‌గార్డూ దాని బ్రాకెట్టే ఆ పని చేసేవి. అందం కోసం ప్లాస్టిక్ మడ్‌గార్డ్ వేసుకున్న బండికి ముందు పాతది తిరిగి పెట్టి చూడండి. అది చాలకపోతే బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో లేత్ పని చేసే చోట 10 మి.మీ. అల్యూమినియం ప్లేటుతో, మడ్‌గార్డ్ బోల్టు రంధ్రాలకే సరిపోయేలా చేయించుకోవచ్చు. టైరుకూ దానికీ కనీసం 10 మి.మీ. ఖాళీ ఉండాలి.

రంధ్రాల దూరం అర మిల్లీమీటరు తేడా వచ్చినా బోల్టు బిగింపుతో లాక్కురావద్దు, పలుచని వాషర్లు పెట్టి సరిచేయండి. లాగి బిగిస్తే రెండు పైపులూ ఒకదాని వైపు ఒకటి ఒరిగి బుష్‌లు పట్టేస్తాయి. దీన్ని పట్టుకునే పరీక్ష సులువు: స్ప్రింగులు లేకుండా చక్రం, బ్రేసు బిగించి, చేత్తో చక్రాన్ని కింది నుంచి పైదాకా లేపండి. ఎక్కడా ఆగకుండా వెళ్లాలి. పూర్తిగా పైకి వచ్చినప్పుడు బ్రేసు కింది క్లాంపుకు గానీ హారన్‌కు గానీ తగలడం లేదని కూడా అప్పుడే తెలుస్తుంది.

చివరి బిగింపు వరుస ఇది: కింది క్లాంపు, పై క్లాంపు, యాక్సిల్ నట్టు. తర్వాత చక్రం నేల మీద పెట్టి, ముందు బ్రేకు పట్టి ఐదారు సార్లు గట్టిగా నొక్కండి. కాళ్లు వాటి చోటు అవే చూసుకుంటాయి. అప్పుడు యాక్సిల్ పించ్ బోల్టు (ఫోర్కు కాలిలో యాక్సిల్‌ను నొక్కి పట్టేది), ఆఖర్న బ్రేసు.

జిప్ టైను మళ్లీ సీలు దాకా దించి, రోజూ వెళ్లే దారిలోనే ఒక రౌండు తిరిగి రండి, దారిలోని అతి పెద్ద హంప్ కూడా అందులో ఉండేలా. తిరిగొచ్చాక టై పైన ఇంకా 10 నుంచి 15 మి.మీ. నడక మిగిలి ఉంటే సరిగ్గా కుదిరింది. చివరిదాకా వెళ్లిపోతే గాలి ఖాళీ ఇంకో 10 మి.మీ. తగ్గించండి. సగం దగ్గరే ఆగిపోయి చేతులు అదిరితే ఆయిలును ఒక మెట్టు పలుచన చేయండి. రంబుల్ స్ట్రిప్స్ (రోడ్డుకు అడ్డంగా వేసే ఎత్తు గీతలు) మీద వరసగా పోతున్నప్పుడు ముందు భాగం అంతకంతకూ కిందికి దిగుతుంటే కూడా అదే మందు, ఎందుకంటే చిక్కటి ఆయిలు ఫోర్కును తర్వాతి గీత వచ్చేలోపు పైకి లేవనివ్వడం లేదు.