విడుదలయ్యాక ఇల్లు నిలబెట్టుకోవడం: పట్టా ఆమె పేరున, పని ఆయన చేతుల మీద

విశాఖ అడవివరం సెంట్రల్ జైలు నుంచో శ్రీకాకుళం అంపోలు జిల్లా జైలు నుంచో మనిషి ఇంటికొచ్చాక మొదటి నెల చాలా కీలకం. ఆయన లేనన్నాళ్లూ సంసారాన్ని ఈడ్చుకొచ్చింది ఇంటావిడ. రేషను కార్డు, డ్వాక్రా పొదుపు, పిల్లల బడి అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి. రాగానే ఆ పెత్తనం లాక్కుంటే గొడవ అక్కడే మొదలవుతుంది. ఇంటి పట్టా, బ్యాంకు ఖాతా ఆమె పేరునే ఉంచి, కట్టుబడి పని ఆయన నెత్తినేసుకుంటే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. నేరం జరిగింది ఇంట్లో మనిషి మీదే అయితే, భార్య మీదైనా బిడ్డ మీదైనా, ఇక్కడ రాసిందేదీ వర్తించదు. కలిసి ఉండాలో లేదో ఆమె ఇష్టం. పెద్దమనుషులు, అత్తమావలు ఒత్తిడి చేస్తే 181కి ఫోన్ చేయొచ్చు. పిల్లల విషయమైతే 1098.

గేటు దగ్గర అడిగి తీసుకోవాల్సినవి

విడుదల పత్రం, లోపల చేసిన పనికి కూలి లెక్క, నేర్చుకున్న పనికి సర్టిఫికెట్ ఉంటే అది, మందులు వాడుతుంటే జైలు ఆస్పత్రి చీటీ. టీబీ మందు మధ్యలో ఆగితే జబ్బు మొండికేస్తుంది, కాబట్టి ఆ చీటీతో మర్నాడే పీహెచ్‌సీకి వెళ్లాలి. వచ్చింది బెయిలు మీదా, శిక్ష పూర్తయ్యా, షరతులతో ముందస్తు విడుదలా అన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. బెయిలైతే వాయిదా తప్పకూడదు, తప్పితే వారెంటు వస్తుంది. షరతులుంటే స్టేషనుకు చెప్పకుండా విశాఖకో హైదరాబాదుకో పనికి వెళ్లకూడదు. వకీలు కావాలంటే 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి చూపిస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

కాగితాలు, ఈ వరసలోనే

మొదట ఆధార్‌కు ఫోన్ నంబరు. పాత సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది, ఓటీపీ రాకపోతే గ్రామ సచివాలయంలో ఏ దరఖాస్తూ కదలదు. తర్వాత బ్యాంకు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రపోతుంది, కేవైసీ కాగితాలిస్తే మళ్లీ తెరుస్తారు, దానికి రుసుము వసూలు చేయకూడదు. ఆ తర్వాత రేషను కార్డు: పేరు తీసేసి ఉంటే సభ్యుని చేర్పుకు పెట్టాలి, ఉంటే ఈకేవైసీ వేలిముద్ర వేయాలి.

ఇక్కడొక చిక్కుంది. ఇన్నాళ్లూ ఇంటావిడ ఒంటరి మహిళ పింఛను తీసుకుంటూ ఉంటే, భర్త వచ్చి కలిసి ఉంటున్నప్పుడు ఆ అర్హత ఉండదు. దాస్తే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, ఇంటి దరఖాస్తు కూడా తనిఖీలో చిక్కుకుంటుంది. ముందే సచివాలయంలో చెప్పుకోవడం నయం.

ఇంటి పథకం

జైలుకెళ్లొచ్చిన వాళ్లకు ఇల్లు రాదని ఊళ్లో అనే మాట నమ్మకండి. గ్రామీణ పీఎం ఆవాస్ అనర్హతల జాబితాలో నాలుగు చక్రాల బండి, ప్రభుత్వోద్యోగం, ఆదాయ పన్ను లాంటివి ఉన్నాయి. జైలు శిక్ష లేదు.

మీ ఊరు సుడా, బుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో లేదో సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును అడగండి, ఎందుకంటే ఏ పథకం కిందికి వస్తారో, ఎంత వస్తుందో దాన్ని బట్టి మారొచ్చు. గ్రామీణ పథకం కేంద్ర లెక్కలో మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు, మరుగుదొడ్డికి విడిగా 12 వేలు. పట్టణ పథకం రెండో విడతలో సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం, రాష్ట్రం కలిపి 2.50 లక్షలు. కొండ సవర గిరిజనులకు పీఎం జన్‌మన్ పథకం కింద ఇంటికి 2 లక్షలు.

స్థలం ఇస్తామన్నప్పుడు రెండు చూసుకోండి. కేసులో అవతలి కుటుంబం ఆ లేఅవుట్‌లోనే ఉంటే వేరే చోటు కావాలని రాతపూర్వకంగా అడగండి. అంత సిగ్గుపడే సంగతేం కాదు, రెండు కుటుంబాలకూ మంచిదే. రెండోది, కూలి దొరికే చోటికి దూరమెంత, బస్సుందా అని. విజయనగరం దగ్గర గుంకలాం లాంటి పెద్ద లేఅవుట్లలో ఇల్లు బాగానే ఉన్నా రోజూ పట్నం వెళ్లొచ్చే ఖర్చు లెక్కేసుకోవాలి.

బిల్లు ఎప్పుడు పడుతుంది

చాలా ఇళ్లు మొండిగోడలతో ఆగేది ఇక్కడే. చాలాచోట్ల పని ఒక మెట్టు పూర్తయి, ఇంజినీరింగ్ అసిస్టెంటు ఫోటో తీసి ఎక్కించాకే డబ్బు ఇంటావిడ ఖాతాలో పడుతుంది. కాబట్టి పునాది సొంత డబ్బుతో లేపాల్సి రావచ్చు. దానికి 50 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,500 వడ్డీకే పోతుంది. డ్వాక్రా సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 500. బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే తేడా 4 వేలు, దాంతో పది బస్తాల సిమెంటు వస్తుంది. అప్పు సంఘంలో ఆమె పేరునే తీసుకుని, వాయిదా ఆయన కూలి నుంచి ప్రతి వారం ఆమె చేతికివ్వడం మంచి పద్ధతి.

పైకప్పు రేకులేసి సరిపెట్టకండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ ఈ తీరానికి ఏం చేశాయో అందరం చూశాం. వసారాతో కలిపి 300 చదరపు అడుగుల స్లాబు 4 అంగుళాల మందంతో వేస్తే సుమారు 100 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, సిమెంటు ఒక పాలుకు ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ల లెక్కన 22 నుంచి 23 బస్తాల సిమెంటు. మేస్త్రి 17, 18 చాలంటే ఒప్పుకోవద్దు, స్లాబు కారుతుంది. బస్తాలు నేలకూ గోడకూ తగలకుండా చెక్కల మీద పేర్చండి. మన సముద్రపు గాలికి నెలల్లోనే గడ్డకడతాయి.

నీళ్లు పెట్టే పని ఆయనది. స్లాబు మీద మట్టితో మడులు కట్టి పది రోజులు నీళ్లు నిలపాలి, గోడలు పొద్దునా సాయంత్రం తడపాలి. ఎండలో ఒక్కపూట ఆరితే బీటలు పడతాయి. సాయంత్రం పిల్లను తోడు తీసుకెళ్లండి. తండ్రితో మాటాడని పిల్ల కూడా చెంబు పట్టుకుని గోడ మీద నీళ్లు చల్లుతుంది, అక్కడే ఏదో ఒకటి అడుగుతుంది.

ఇంట్లో మొదటి నెలలు

నాన్న బొంబాయి వెళ్లాడని చెప్పి ఉంటే ఇప్పుడు సరిదిద్దాలి. బడిలో ఎవరో అనకముందే, అమ్మా నాన్నా ఇద్దరూ కూర్చుని, "నాన్న తప్పు చేశాడు, శిక్ష అయిపోయింది, ఇక ఇక్కడే ఉంటాడు" అంటే చాలు. కేసు వివరాలు పిల్లల వయసుకు మించి చెప్పొద్దు.

జైల్లో సాయంత్రం పెందలాడే అన్నం పెట్టి లాకప్ చేస్తారు. ఆ అలవాటుకు ఐదయ్యేసరికి ఆకలి, ఇంటావిడ పని నుంచి వచ్చేది ఏడింటికి. ఈ రెండు గంటల్లోనే ఇంట్లో సగం అరుపులు పుడతాయి. పొద్దున్నే ఒక గిన్నెడు చోడి అంబలి పక్కన పెట్టుకోమనండి, ఎసరు తనే పెట్టడం నేర్చుకుంటే ఇంకా మేలు. తలుపు చప్పుడికి ఉలిక్కిపడి లేచినా, దీపం ఆర్పితే నిద్రపట్టకపోయినా కంగారు పడకండి. నెలలు గడిచినా తగ్గకపోతే 14416 టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఒక్క గదే కాబట్టి వసారాలో మంచం వేసుకోమని ఆమె అంటే కొన్నాళ్లు అలాగే పడుకోవాలి.

చివరి బిల్లు పడ్డాక ఇంటి నంబరు, కరెంటు మీటరు ఆమె పేరున తీసుకుని, ఆధార్‌లో అందరి చిరునామా మార్పించండి. షరతుల మీద విడుదలైతే కొత్త చిరునామా స్టేషనులో రాసిచ్చి, ఒక నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.